జ్వరం లేని జబ్బు

"మీరు నిజంగానే జబ్బుపడ్డారో లేదో చూసి రమ్మన్నారండి," అంది మల్లేశ్వరి, ముక్కుకి అడ్డం పెట్టుకున్న పైటచెంగు తియ్యకుండానే.

తలుపు తీసిన పానకాలు ఇంకా నిద్రలోంచి పూర్తిగా బయటికి రాలేదు. గళ్ల లుంగీ, నలిగిన బనీను, నాలుగు దిక్కులా లేచిన జుట్టు. గుమ్మంలో ఉన్న తెల్లచీరనీ, చేతిలో చిన్న పెట్టెనీ, పైటచెంగు మీదుగా కనిపిస్తున్న రెండు కళ్లనీ వరసగా చూశాడు.

"ఎవరు రమ్మన్నారు?"

"మీ కంపెనీవాళ్లు."

"సరే, చూశారుగా."

"చూడటమంటే ఇట్లా కాదండి. నోరు తెరవండి."

అతను నోరు తెరిచేలోగా ఆమెకి తుమ్మొచ్చింది. దాని వెనకే ఇంకొకటి. కింద రోశయ్యగారి మిరపకాయల గోడౌను. పగలంతా ఆడకూలీలు కూర్చుని తొడిమలు తీస్తుంటే ఆ ఘాటు మెట్లెక్కి పైగదుల్లోకి వచ్చి కూర్చుంటుంది. గుంటూరు ముక్కులకి అది అలవాటే. మల్లేశ్వరిది చీరాల ముక్కు.

పానకాలు కుర్చీ జరిపి, కూజాలోంచి మంచినీళ్లు వంచి ఇచ్చాడు. ఆమె కూర్చుంది. తనిఖీకి వచ్చిన మనిషి కూర్చోకూడదని ఆమెకి తెలుసు. కాని పొద్దుటినుంచి నిలబడే ఉంది.

అది అరవై ఏడో సంవత్సరం. పత్తికీ మిరపకీ పురుగు పడితే విమానంలోంచి మందు చల్లే కంపెనీ ఒకటి ఆ ఏడు గుంటూరులో మకాం పెట్టింది. నరసరావుపేట రోడ్డులో ఊరవతల చదునుచేసిన నేలే వాళ్ల విమానాశ్రయం. ఉన్నది నలుగురు పైలట్లు. తెల్లారీ తెల్లారకముందే లేచి, తాడిచెట్టు తలకంటే కిందుగా చేలమీద ఎగిరి, ఎండెక్కి గాలి లేవగానే దిగి, సాయంత్రం మళ్లీ ఎక్కాలి. పైలట్ అంటే టోపీ, నల్లకళ్లద్దాలు అనుకునే ఆడపిల్లలు ఒక్కసారి వీళ్ల పక్కన నిలబడి ఆ మందు కంపు పీలిస్తే సరదా తీరిపోతుంది.

ఆ కార్తీకంలో కంపెనీకీ పైలట్లకీ కొత్త కాంట్రాక్టు మాటలు నడుస్తున్నాయి. అన్నీ కుదిరాయిగాని సిక్ లీవు దగ్గర పీటముడి పడింది. కడుపునొప్పి అని సెలవు పెట్టిన ఒక పైలట్ మ్యాట్నీ ఆటలో మేనేజరు అంకారావుగారి ముందు వరసలోనే కూర్చుని దొరికిపోయాడు. అప్పటినుంచి ఆయనకి ఎవరు దగ్గినా అనుమానమే. ఎవరు సిక్ అన్నా ఇంటికి మనిషిని పంపి తనిఖీ చేయిస్తాం, ఆ మాట కాంట్రాక్టులో ఉండాల్సిందే అన్నాడు.

పైలట్లలో పెద్దవాడు రాధాకృష్ణమూర్తిగారు ఒప్పుకోలేదు. "కారు నడిపేవాడికి కళ్లు తిరిగితే పక్కకి తీసి ఆపుకుంటాడు. మాకు పక్క ఎక్కడుందండీ? ఒంట్లో బాగుందో లేదో నడిపేవాడికే తెలియాలి," అన్నాడు.

తేలేలోగా తనిఖీ మొదలైపోయింది. ఆ పని బ్రాడీపేటలో ఒక డాక్టరుగారికి అప్పజెప్పారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేడు. తన దగ్గర నర్సుగా ఉన్న మల్లేశ్వరి చేతికి పెట్టె ఇచ్చి, "జ్వరం ఉంటే సిక్, లేకపోతే ఫిట్. అంతకుమించి బుర్ర పాడుచేసుకోకు. సరిగా చెయ్యకపోతే కంపెనీవాళ్లు ఇంకో డాక్టర్ని చూసుకుంటారు, నేను ఇంకో నర్సుని చూసుకోవాలి," అన్నాడు. ఆయన మాటల్లో చివరిదే ఆమెకి బాగా గుర్తుంది.

థర్మామీటరు తీసి వెలుతురుకేసి చూసింది.

"జ్వరం లేదండి."

"లేదు. అలిసిపోయాను."

"అలిసిపోవడం జబ్బు కాదు. నేనూ అలిసిపోయాను."

"అయితే మీరూ సెలవు పెట్టండి."

"నాకెవరిస్తారు?"

పానకాలు ఆమె కళ్లకేసి చూసి, "నీళ్లు కారుతున్నాయి," అన్నాడు.

"మీ గోడౌను పుణ్యం. మీకూ కారుతున్నాయి."

"నాకు రోజూ అంతే. ఎవరైనా చూస్తే ఇద్దరం ఎదురుబొదురు కూర్చుని ఏడుస్తున్నామనుకుంటారు."

నవ్వు ఆపుకోవడానికి మల్లేశ్వరి పైటచెంగు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. లేచి పెట్టె మూసింది.

"ఫిట్ అని చెప్తానండి. రేపు ఎగరాలి మీరు."

"ఎగురుతాను. తనిఖీకి మీరే వస్తారంటే వారానికోసారి సిక్ అవుతాను."

"ఇట్లాంటి మాటలకి మందు అక్కర్లేదు, చెంపదెబ్బ చాలు," అని ఆమె మెట్లు దిగింది. దిగుతున్నంతసేపూ నవ్వుకుంది గాని అది అతనికి కనిపించలేదు.

* * *

వానలు పడ్డ రోజుల్లో విమానాలు లేవవు. అట్లాంటి ఒక రోజు పానకాలు తడిసిన గొడుగుతో డాక్టరుగారి వసారాలో రోగుల బెంచీ మీద ప్రత్యక్షమయ్యాడు.

"ఏం జబ్బు?" అంది మల్లేశ్వరి.

"ఏమీ లేదు. ఏమీ లేదని మీరు చెప్తేనే మా కంపెనీ నమ్ముతుంది. అందుకని వచ్చాను."

పక్కన కట్టు కట్టించుకుంటున్న ముసలామె ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నాకు తొందరేం లేదు, మీరు కానివ్వండి," అంది.

సాయంత్రం వాన తగ్గలేదు. మల్లేశ్వరి ఇల్లు రెండు వీధుల అవతల. అతను గొడుగు ఆమె మీదికి వంచి నడుస్తూ తను సగం తడిశాడు. మంగళగిరిలో పానకాలు వాళ్లది మగ్గం ఇల్లు. ఫ్లయింగ్ క్లబ్బువాళ్లు ఉపకారవేతనం ఇచ్చి ఎగరడం నేర్పించారు. వాళ్ల నాన్నకి ఇప్పటికీ ఇష్టం లేదు. "మగ్గం ముందు కూర్చున్నవాడి కాళ్లు గుంటలో ఉంటాయి. నీ కాళ్లకింద ఏముందిరా, అంటాడు మా నాన్న. నిజం చెప్పాలంటే, ఏమీ లేదండి."

"భయం వెయ్యదా?"

"ఎగరడానికి వెయ్యదు. నిద్ర చాలక ఎగరాలంటే వేస్తుంది. చేను చివర కరెంటు తీగలుంటాయి. అవి ఒక్క రెప్పపాటు కనపడకపోతే చాలు."

మల్లేశ్వరిదీ చీరాల నేతవాళ్ల ఇల్లే. తండ్రి పోయాక తల్లి వెంకటేశ్వరమ్మ చీరలమూట చంకన పెట్టుకుని బ్రాడీపేటలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. ఆ మాటలు చెప్పుకుంటూ నడుస్తుంటే రెండు వీధులూ తొందరగా అయిపోయాయి. ఇంటికి వెళ్లి తల తుడుచుకుంటూ మల్లేశ్వరి తనకి అతను నచ్చాడని ఒప్పుకుంది. ఒప్పుకుని, వెంటనే పడుకుంది. అంతకంటే ఆలోచించే ఓపిక ఆ పూట లేదు.

* * *

వానలు వెలిశాక పురుగు విరుచుకుపడింది. రైతులు కంపెనీ గుమ్మం ముందు కూర్చున్నారు. పైలట్లు తినడం, పడుకోవడం మరిచిపోయి ఎగిరారు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం డాక్టరుగారు పెట్టె చేతికిచ్చి, "ఆ మిరపకాయల గోడౌను మీద కుర్రాడు మళ్లీ సిక్ అట, వెళ్లిరా," అన్నాడు.

అప్పటికే మల్లేశ్వరి రెండు కాన్పులు చూసి వచ్చింది. కాళ్లు పీకుతున్నాయి. వారానికోసారి సిక్ అవుతాననే మాట ఆమెకి గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఈసారి నవ్వు రాలేదు.

పానకాలు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. కళ్లవెంట, ముక్కువెంట నీళ్లు. తువ్వాలుతో మాటిమాటికీ మూతి తుడుచుకుంటున్నాడు.

"తలనొప్పి. పొద్దున దిగినప్పటినుంచీ," అన్నాడు.

థర్మామీటరు పెట్టింది. జ్వరం లేదు.

"కళ్లేమిటి?"

"మిరపకాయలేమో. గది చీకటిగా ఉంది, కాస్త లైటు వెయ్యండి."

లైటు వెలుగుతూనే ఉంది. అతని నెత్తిమీదే ఉంది. మల్లేశ్వరికి ఒళ్లు మండింది.

"నేనొచ్చేముందు ఆ డైలాగు బాగా బట్టీపట్టారా? మీరొచ్చాక వెలుగొచ్చింది అనాలేమో తరవాత."

"కాదండి, నిజంగానే..."

"చూడండి. మీకు సరదాగా ఉందేమో. నేను నడిచి వచ్చాను. నా కోసం అక్కడ పదిమంది రోగులు కూర్చునున్నారు, నిజమైన రోగులు. మీరిట్లా ఆడితే మా డాక్టరుగారికి మాటొస్తుంది, నా పని పోతుంది. జ్వరం లేదు. ఫిట్."

పానకాలు తువ్వాలు పక్కన పెట్టాడు. తరవాత నెమ్మదిగా, "అబద్ధమాడుతున్నాననుకుంటున్నారా?" అన్నాడు.

"అనుకోవడం కాదు, చూస్తున్నాను."

"సరే. పొద్దున్నే ఎగురుతాను."

ఆమె చరచరా మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుంది. వెంకటేశ్వరమ్మ పచ్చడి వేస్తూ, "ఇంకా నాలుగు రోజులు దీంతోనే సర్దుకో. కారానికి కాయలు తెద్దామని రోశయ్య గోడౌనుకి పోతే తాళమేసుంది. కూతురి పెళ్లని ఇంటిల్లిపాదీ నిన్ననే పోయారంట. కూలీలు కూడా లేరు," అంది.

"నిన్ననా?"

"నిన్ననేనే. ఏం?"

మల్లేశ్వరి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తను ఇవాళ ఆ మెట్లెక్కినప్పుడు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకోలేదు. ఒక్క తుమ్మూ రాలేదు. గోడౌనులో ఘాటే లేనప్పుడు అతని కళ్లవెంట నీళ్లెందుకు కారతాయి? ఆ చెమట, ఆ మూతి తుడుచుకోవడం, వెలుగుతున్న లైటు కింద కూర్చుని చీకటిగా ఉందనడం. నర్సు చదువుకునేటప్పుడు ఆసుపత్రికి ఒక కూలీని తీసుకొచ్చారు, మిరపతోటలో పురుగుమందు కొట్టినవాణ్ని. వాడికీ జ్వరం లేదు. కంటిపాపలు ఆవగింజంత అయిపోయి, పట్టపగలు దీపం పెట్టమని అడిగాడు.

ఊరంతా కళ్లవెంట నీళ్లు కారే గుంటూరులో ఆ నీళ్లని ఎవరూ పట్టించుకోరు. అతనూ పట్టించుకోలేదు. చదువుకున్న తనూ పట్టించుకోలేదు. పైగా అబద్ధాలకోరన్నది.

చెయ్యి కడుక్కుని పరుగెత్తింది. గదికి తాళం. తెల్లవారేసరికి ఒంగోలు వైపు చేలకి ఎగరాలని పైలట్లందర్నీ మేనేజరుగారే జీపులో విమానాల దగ్గరికి తీసుకుపోయారని పక్కగది మనిషి చెప్పాడు. అక్కడికి ఫోను లేదు. ఇంక తెల్లవారుజామున మొదటి బస్సే దిక్కు.

"పెళ్లికాని పిల్లవి, ఆ వేళప్పుడు మగాళ్ల మధ్యకి ఒక్కదానివే ఎట్టా పోతావే," అని వెంకటేశ్వరమ్మ కూడా బయల్దేరింది.

* * *

బస్సు దిగి చేలగట్ల మీద పడి వెళ్లేసరికి తూర్పు ఎర్రబడుతోంది. విమానం మోగుతోంది. మల్లేశ్వరి తిన్నగా దాని ముందుకి పరుగెత్తింది. మెకానిక్ బుడాన్ చేతులడ్డం పెట్టి, "అమ్మా, ఆగండి, పంకా తిరుగుతోంది," అని కేకపెట్టి, ఆపమని పానకాలుకి సైగచేశాడు. ఇంజను ఆగింది.

పానకాలు పైనుంచే తొంగి చూశాడు. "ఇప్పుడేం తనిఖీ?"

"దిగండి. మీకు బాగోలేదు."

"నిన్న బాగుందన్నారుగా."

"నిన్న తప్పు చూశాను."

జీపు దగ్గర్నుంచి అంకారావుగారు గబగబా వచ్చాడు. "ఏమిటమ్మా ఇది? రైతులు మందు చల్లే చోటు చూపించడానికి చేలల్లో జెండాలు పట్టుకుని నిలబడున్నారు. జ్వరమొచ్చిందా ఇతనికి?"

"లేదండి."

"మరి?"

"ఎగురుతాను సార్," అన్నాడు పానకాలు. "తరవాత నేను అబద్ధమాడానని ఎవరూ అనకూడదు."

మల్లేశ్వరి రెక్క పట్టుకుని నిలబడింది. గట్టిగా అడిగింది. "ఎదురుగా ఆ స్తంభం మీద తీగలెన్ని ఉన్నాయో చెప్పండి. చెప్తే నేను పక్కకి తప్పుకుంటాను."

పానకాలు అటు చూశాడు. కళ్లు చిట్లించి చూశాడు. చేతిరుమాలుతో తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏ స్తంభం?" అన్నాడు.

వెంకటేశ్వరమ్మ కూడా ఆ స్తంభంకేసి చూసింది. మైదానం చివర నల్లగా, నిటారుగా, అందరికీ కనపడుతూ ఉంది. బుడాన్ నిచ్చెన తెచ్చి వేసి, చిన్నపిల్లవాణ్ని దింపినట్టు చెయ్యి పట్టుకుని అతన్ని కిందికి దింపాడు.

"కనపడనప్పుడు ఎట్లా ఎక్కారండీ?" అంది మల్లేశ్వరి. ఏడుపు ఆగలేదు ఆమెకి.

"ఇంకా తెల్లారలేదేమో అనుకున్నాను," అన్నాడు. కాసేపాగి, "మీరట్లా అనుకోవడం కంటే ఎగరడమే నయమనిపించింది," అన్నాడు.

* * *

ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు పురుగుమందు విషమేనన్నారు. ఇంజెక్షన్లు పొడిచారు; సాయంత్రంపూట సూది మాత్రం, పని ముగించుకుని వచ్చి మల్లేశ్వరే వేసేది. పానకాలు కోలుకుని, చిక్కిపోయి బయటికి వచ్చిన మర్నాడే కాంట్రాక్టు మీద ఆఖరి సమావేశం పెట్టారు. మల్లేశ్వరిని కూడా రమ్మని కబురొచ్చింది. వెంకటేశ్వరమ్మ వెంట వచ్చి, ఆఫీసు వసారాలో కిటికీ పక్కన చీరలమూట ఆనుకుని కూర్చుంది.

అంకారావుగారు చెడ్డమనిషి కాదు. ఆయన వెనక కంపెనీకి డబ్బు పెట్టిన షావుకార్లున్నారు, ముందు రైతులున్నారు, ఆయనకీ నిద్ర లేదు. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి మొదలుపెట్టాడు.

"పానకాలు బతికి మన మధ్య కూర్చున్నాడంటే కారణమేమిటి? తనిఖీ. మనం పెట్టిన మనిషి వెళ్లి ఆపింది. అతను మాత్రం ఎగురుతానన్నాడు. ఇప్పుడు చెప్పండి రాధాకృష్ణమూర్తిగారూ, పైలట్ మాట నమ్మాలా, తనిఖీ పెట్టాలా?"

రాధాకృష్ణమూర్తిగారు నోరు తెరిచి మూశాడు. పైలట్లు ముగ్గురూ బల్లకేసి చూశారు.

"ఏమ్మా, ఆ పొద్దున నువ్వు కంపెనీ తరఫునేగా వెళ్లావు? అవునను చాలు, అందరం ఇళ్లకి పోతాం," అన్నాడు అంకారావుగారు.

అవునంటే సరిపోతుందని మల్లేశ్వరికీ తెలుసు. పని నిలబడుతుంది, పేరూ నిలబడుతుంది. కాదంటే, తెల్లవారకముందే ఒక ఆడపిల్ల అక్కడికి ఎందుకు పరుగెత్తిందో చెప్పాలి. బ్రాడీపేటలో సాయంత్రానికల్లా అందరి నోళ్లలో నానుతుంది. కిటికీలోంచి తల్లి తలకాయ కనపడుతోంది. ఆ తల ఇటు తిరిగి ఉంది.

"కాదండి," అంది.

"కాదా?"

"కంపెనీ తరఫున నేను వెళ్లింది ముందురోజండి. జ్వరం లేదని చూసి, ఫిట్ అని చెప్పి వచ్చాను. తనిఖీ అంతటితో అయిపోయింది. ఆయన నిజమే చెప్పాడు, నేనే నమ్మలేదు. నమ్మలేదని పట్టుదలకి పోయి విమానమెక్కాడు."

"మరి మర్నాడు పొద్దున్నే ఎందుకు వెళ్లినట్టు?"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. మల్లేశ్వరి ఎవరికేసీ చూడలేదు.

"ఆయనంటే ఇష్టం కాబట్టి వెళ్లానండి. అన్నం సయించక వెళ్లాను. ఈ కూర్చున్నవాళ్లలో ఇంకెవరైనా అయితే వెళ్లేదాన్ని కాదేమో. చెయ్యవలసింది చేశానని తిని పడుకునేదాన్ని. అది తలుచుకుంటే నాకు భయంగా ఉంది. అందరి కోసం పరుగెత్తుకొచ్చే మనిషి ఉండదండి. వాళ్లు బాగోలేదంటే నమ్మండి. ఇంక వేరే దారి లేదు."

పానకాలు కుర్చీలోంచి సగం లేచి, ఏం చెయ్యాలో తెలియక అట్లాగే ఉండిపోయాడు. రాధాకృష్ణమూర్తిగారు అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు.

అంకారావుగారు చాలాసేపు కళ్లు నులుముకున్నాడు. చివరికి గుమాస్తా వైపు తిరిగి, "కొట్టెయ్యవయ్యా ఆ షరతు. పైలట్ బాగోలేదంటే బాగోనట్టే అని రాయి. ఎవడన్నా మ్యాట్నీకి పోతే పోనీ," అన్నాడు. తరవాత, "అమ్మా, నీకిక మా దగ్గర పని ఉండదు," అన్నాడు.

"తెలుసండి," అని మల్లేశ్వరి బయటికి వచ్చింది.

వసారా మెట్లమీద కూలబడింది. "విన్నావా అమ్మా?" అంది.

"నేనేంటి, వీధి వీధంతా విన్నది," అంది వెంకటేశ్వరమ్మ. కోపం తెచ్చుకుందామని చూసింది గాని, కూతురి మొహం చూశాక అది రాలేదు. వెనకాలే వచ్చి నిలబడ్డ పానకాలుకేసి తిరిగింది. "ఏం బాబూ, మా పిల్ల అంతమందిలో చెప్పుకుంది. నువ్వేమీ మాట్లాడవే?"

"ఆసుపత్రిలో రోజూ చెబుదామనే అనుకున్నానండి. వచ్చినప్పుడల్లా ఈవిడ చేతిలో సూది ఉండేది, ధైర్యం చాల్లేదు." మెట్టు మీద కాస్త ఎడంగా కూర్చున్నాడు. "మల్లేశ్వరిగారూ, నాకూ మీరంటే ఇష్టం. పెళ్లి చేసుకుందాం."

ఆమె తల ఊపింది.

"అయితే మంగళగిరి వెళ్లి మీ అమ్మానాన్నల్ని తీసుకురా. నేతవాళ్ల ఇంటికి నేతవాళ్లొస్తే నేనెందుకు కాదంటాను," అంది వెంకటేశ్వరమ్మ.

"ఇవాళ సాయంత్రం బస్సుకే వెళ్తానండి."

"వద్దు," అంది మల్లేశ్వరి. "నిన్నేగా ఆసుపత్రినుంచి వచ్చారు. ఇవాళ పడుకోండి. మంగళగిరి ఎక్కడికీ పోదు."

"మరి మీరు?"

"నేనూ పడుకుంటాను. ఎన్నాళ్లయిందో."

ఆ రోజు గుంటూరులో ప్రేమించుకున్న ఆ ఇద్దరూ, ఎవరి ఇంట్లో వాళ్లు, వీధిదీపాలు వెలగకముందే నిద్రపోయారు.